షాఫ్ట్ సైజు చేయి దాటకముందే పట్టుకోండి: కంట్రోల్ చార్ట్ గీయడం ఎలా

గాజువాక ఆటోనగర్‌లో చిన్న మెషిన్ షాపు నడిపేవాళ్లకీ, అక్కడ క్వాలిటీ చూసే కుర్రాళ్లకీ ఇది రాస్తున్నాను. సెన్సర్లూ సాఫ్ట్‌వేరూ కొనే ముందు, 1924లో వాల్టర్ షూహార్ట్ అనే ఇంజినీరు అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ గీసి చూపించిన కంట్రోల్ చార్ట్, అంటే సైజులో ఎంత తేడా సహజమో గీతలతో చూపే పటం, నేర్చుకోండి. ఒక కాగితం, పెన్సిల్, సైజు కొలిచే మైక్రోమీటర్ ఉంటే సరిపోతుంది.

మా షాపులో ఒకసారి 25 మిల్లీమీటర్ల షాఫ్టుల లాటు మొత్తం వెనక్కి వచ్చేసింది. డ్రాయింగులో టాలరెన్స్, అంటే ఒప్పుకునే తేడా, ప్లస్ ఆర్ మైనస్ 0.03. ఆపరేటర్ చాలా శ్రద్ధగల మనిషి, ప్రతి పీసూ కొలిచి, కాస్త ఎక్కువ వస్తే ఆఫ్‌సెట్ (సైజు సరిచేయడానికి మెషిన్‌కి ఇచ్చే అంకె) తగ్గించేవాడు, తక్కువ వస్తే పెంచేవాడు. "ప్రతి పీసుకీ సరిచేస్తూనే ఉన్నాను కదండీ, ఎలా పోయింది?" అని అడిగాడు, పాపం. అలా సరిచేయడం వల్లే పోయింది. ఏ మెషిన్‌కైనా కొంత సహజమైన అటూఇటూ ఉంటుంది, దాని వెంటపడి ప్రతిసారీ ఆఫ్‌సెట్ తిప్పితే ఆ తేడా సుమారు 1.4 రెట్లు పెరుగుతుంది. అందుకే ఎప్పుడు చెయ్యి పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో చెప్పే గీతలు కావాలి.

ఆఫ్‌సెట్ ముట్టుకోకుండా గంటకోసారి వరసగా వచ్చిన 5 పీసులు తీసుకోండి. వాటి సగటు రాయండి, పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా, అంటే రేంజ్, రాయండి. ఇలాంటివి 20, 25 సెట్లు వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు గారు గణాంక శాస్త్రంలో ప్రపంచానికే గురువయ్యారు, మనకి ఇక్కడ కావాల్సింది మాత్రం కూడికా భాగహారమే.

సగటులన్నిటి సగటు 25.002, రేంజుల సగటు 0.020 వచ్చిందనుకోండి. 5 పీసుల సెట్టుకి పట్టికల్లో ఇచ్చిన 0.577 అనే అంకె వాడాలి. 0.020ని దాంతో గుణిస్తే దాదాపు 0.012. మధ్య గీత 25.002, దానికి ఇది కలిపితే పై గీత 25.014, తీసేస్తే కింది గీత 24.990. రేంజుకి వేరే చార్టు, దాని పై గీతకి 2.114తో గుణించండి, 0.042 వస్తుంది. రేంజ్ చార్టే ముందు చూడాలి, అది గీత దాటుతుంటే సగటు చార్టుని నమ్మలేం.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే: డ్రాయింగులోని టాలరెన్సుని ఈ చార్టు మీద గీసేస్తారు. టాలరెన్స్ కస్టమర్ అడిగేది, ఈ గీతలు మీ మెషిన్ చెప్పేవి, రెండూ కలపొద్దు. మెషిన్ అసలు సరిపోతుందా అని చూడాలంటే 0.020ని 2.326తో భాగించి 6తో గుణించండి. మెషిన్ సహజంగా అటూఇటూ అయ్యే మొత్తం వెడల్పు సుమారు 0.052 వస్తుంది, టాలరెన్స్ మొత్తం 0.06 కాబట్టి సరిపోతుంది, కానీ బొటాబొటిగా. మా షాపులోలా ప్రతి పీసుకీ ఆఫ్‌సెట్ తిప్పితే అది 1.4 రెట్లయి 0.073కి చేరుతుంది, టాలరెన్స్ దాటిపోతుంది.

ఇక రోజూ ప్రతి సెట్టు సగటునీ రేంజునీ వాటి చార్టుల మీద చుక్కలుగా పెట్టుకుంటూ పొండి. చుక్క గీత దాటితే మెషిన్ ఆపి కారణం వెతకండి. వరసగా 8 చుక్కలు మధ్య గీతకి ఒకవైపే ఉన్నా ఏదో మారినట్టే. చుక్కలు మెల్లగా పైకి ఎక్కుతుంటే నేను ముందు ఇన్సర్ట్, అంటే టూల్‌కి బిగించే కోత ముక్క, చూస్తాను, అది అరిగేకొద్దీ షాఫ్ట్ లావవుతుంది. ఇవేవీ లేకపోతే ఆఫ్‌సెట్ జోలికి వెళ్లొద్దు.

కొలత విషయంలో ఇంకో మాట. లేత్ మీంచి దిగిన వేడి పీసుని వెంటనే కొలవొద్దు. 25 మిల్లీమీటర్ల స్టీలు షాఫ్ట్ 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే దాదాపు 6 మైక్రాన్లు (0.006 మిల్లీమీటర్లు) లావుగా చూపిస్తుంది, చల్లారాక సన్నబడుతుంది. పీసూ మైక్రోమీటరూ ఒకే బల్ల మీద కాసేపు పక్కపక్కనే ఉంచి అప్పుడు కొలవండి. మన విశాఖ సముద్రపు తేమకి మైక్రోమీటర్ కొలిచే ముఖాలు, దాన్ని సరిచూసే సెట్టింగ్ రాడ్లు ఇట్టే తుప్పు పడతాయి, షిఫ్ట్ అయ్యాక తుడిచి పల్చగా నూనె రాసి పెట్టెలో పెట్టాలి.

చార్టు ఆఫీసులో ఫైల్లో పెట్టకండి, మెషిన్ పక్కనే తగిలించండి, చుక్క ఆపరేటరే పెట్టాలి. ఇన్సర్ట్ మార్చినా, కూలెంట్ మార్చినా, కొత్త రాడ్ బండిల్ విప్పినా ఆ చుక్క కిందే టైము వేసి రాయమనండి, రేపు కారణం వెతికేటప్పుడు మీకు పనికొచ్చేది ఆ రాతే.