చరిత్ర సినిమాపైన, ఆర్థికశాస్త్ర గ్రంథంపైన సొంత అభిప్రాయం రాయడం ఎలా?

సంక్రాంతి రోజుల్లో విజయవాడలో పుస్తక మహోత్సవమూ కొత్త సినిమాలూ దాదాపు ఒకేసారి వస్తాయి కాబట్టి, ఒక చారిత్రక చిత్రం చూసి, ఒక ఆర్థికశాస్త్ర గ్రంథం చదివి, రెండింటిపైనా నాలుగు మాటలు రాయాలన్న కోరిక ఇక్కడివారికి సహజంగానే కలుగుతుంది. 'బాగుంది', 'బాగాలేదు' దగ్గర ఆగిపోకుండా అభిప్రాయాన్ని ఎలా నిలబెట్టుకోవాలో నేను పాటించే పద్ధతిని చెబుతాను.

సినిమా చూసిన రాత్రే, ఇతరుల సమీక్షలు చదవకముందే, మనసును కదిలించిన సన్నివేశమేదో, నమ్మకం ఎక్కడ సడలిందో రాసిపెట్టుకోవాలి. ఆ తొలి స్పందన మళ్లీ దొరకదు. ఆ తరువాతే ఆధారాల దగ్గరికి వెళ్లాలి. 2017 సంక్రాంతికి వచ్చిన 'గౌతమీపుత్ర శాతకర్ణి'ని తీసుకుందాం. ఆ శాతవాహన రాజు విజయాల గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో వేయించిన ప్రాకృత శాసనం నుంచే వచ్చింది. ఆయన గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయని, ఆయన శక యవన పహ్లవులను సంహరించాడని, క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని అందులో ఉంది. మహారాష్ట్రలోని జోగల్‌తంబిలో బయటపడిన, క్షహరాత రాజు నహపాణుడి 13 వేలకు పైగా వెండి నాణేల్లో 9 వేలకు పైగా నాణేలపై శాతకర్ణి ముద్ర మళ్లీ కొట్టి ఉంది. కాబట్టి నహపాణుడితో యుద్ధానికి గట్టి ఆధారం ఉన్నట్లే. ద్వితీయార్ధంలో ప్రత్యర్థిగా వచ్చే డిమిట్రియస్ సంగతి వేరు. ఆ పేరుతో ప్రసిద్ధుడైన గ్రీకు రాజు శాతకర్ణికి రెండు శతాబ్దాలకు పైగా ముందువాడు.

అయితే తప్పు చూపించడంతో పని పూర్తికాదు. ఆ కల్పన వల్ల కథకు ఏం దక్కిందో, ఏం పోయిందో చెప్పాలి. తల్లి పేరును తన పేరుకు ముందు నిలుపుకున్న కొడుకు కథగా చిత్రాన్ని నడిపిన తీరు నన్ను నిజంగా కదిలించింది. నహపాణుడి ఘట్టానికే మరింత చోటు ఇచ్చి ఉంటే ఆ కథ ఇంకా బలపడేదని నా నమ్మకం. ఇక శాతవాహనుల అమరావతికి దగ్గరివాళ్లం కనుక శాతకర్ణి మనవాడన్న అభిమానం మనకు ఎలాగూ ఉంటుంది. నాసిక్ శాసనం పేర్కొన్న దేశాల్లో అస్సక, ములక, సురాష్ట్ర, విదర్భ వంటివి ఉన్నాయి కాని ఆంధ్ర అన్న పేరు లేదు. ఇది తెలిసి కూడా సినిమాను ఇష్టపడవచ్చు, కాని ఆ అభిమానాన్ని పాఠకుడి దగ్గర దాచకూడదు.

ఆర్థికశాస్త్ర గ్రంథానికి ఈ క్రమం పనికిరాదు. ముందుగా రచయిత వాదాన్ని మన ఇంటి తెలుగులో, ఆయనే విన్నా ఒప్పుకొనేలా చెప్పగలగాలి. 1981లో వెలువడిన 'పావర్టీ అండ్ ఫామిన్స్'లో అమర్త్య సేన్ చెప్పేది ఇది: ఊళ్లో తిండిగింజలు ఉన్నంతమాత్రాన అందరికీ తిండి దొరకదు; కూలికీ బియ్యం ధరకూ పొత్తు చెడినప్పుడు, కొనుక్కొనే శక్తి పోయినవాడు ఆకలితో చనిపోతాడు. కరువు వచ్చిన 1943లో బెంగాల్‌లో లభించిన ఆహారం, కరువు లేని 1941లో కంటే సుమారు 13 శాతం ఎక్కువేనని ఆయన లెక్క. ఆ పంట లెక్కల మీద ఇతర ఆర్థికవేత్తలు అభ్యంతరాలు లేవనెత్తారన్న సంగతిని కూడా చెప్పి తీరాలి.

తరువాత ఆ వాదాన్ని మనకు తెలిసిన నేల మీద పరీక్షించాలి. గుంటూరు సీమను 1832–33లో తుడిచిపెట్టిన నందన కరువులో వానలు నిజంగానే లేవు. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కు గాని పూర్తికాలేదు. కాబట్టి ఈ గ్రంథం మన కరువు ఎందుకు వచ్చిందో పూర్తిగా చెప్పదని, వచ్చిన కరువులో ముందుగా ఎవరు చనిపోయి ఉంటారో వెతకడానికి మాత్రం దీన్ని మించిన దారి నాకు కనబడలేదని నేను రాస్తాను.

రాయడం పూర్తయ్యాక ప్రతి అభిప్రాయ వాక్యం పక్కన దాని ఆధారాన్ని, అంటే సన్నివేశమో, శాసన పంక్తో, పుట సంఖ్యో రాసుకోవాలి. ఆధారం దొరకని వాక్యాన్ని కొట్టివేయనక్కరలేదు, దాని చివర 'అని నాకు అనిపించింది' అని చేర్చితే చాలు.