గవర్నమెంట్ డిగ్రీ కాలేజీకి కంపెనీలను రప్పించాలంటే: విశాఖలో ప్రచారం చేసేవాళ్లకు

గవర్నమెంట్ బడిలో చదివి, గవర్నమెంట్ కాలేజీలోనే డిగ్రీ చేసిన పిల్లల్లో చాలామంది రుషికొండ, మధురవాడ కంపెనీల రాత పరీక్ష దాకా కూడా వెళ్లలేకపోతున్నారు. ఎన్నో ప్రకటనల్లో కనిపించే షరతే అందుకు ఒక పెద్ద కారణం: పది, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం ఉండాలి. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంటర్‌లో ఇంగ్లిష్ పుస్తకాలతో కుస్తీ పట్టి, 57 దగ్గర ఆగిన అమ్మాయి దరఖాస్తును కంప్యూటరే పక్కన పెట్టేస్తుంది. డిగ్రీలో ఆమెకు 78 వచ్చినా చూసే నాథుడుండడు.

అందుకే ‘పేద విద్యార్థులకు న్యాయం చేయాలి’ అని బ్యానరు కడితే పని జరగదు. కంపెనీలను అడిగేది ఒక్కటే ఉండాలి: ఇంటర్ మార్కుల షరతు ఎత్తేయండి, డిగ్రీ మార్కులు చూసి పరీక్షకు పిలవండి.

ఇది కొత్త కోరికేమీ కాదు. మన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు (వెనకబాటును లెక్కలోకి తీసుకుని ఇచ్చే అదనపు మార్కులు) కలుపుతున్నారు. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు తమిళనాడు 2020లో చట్టం చేసి వైద్య సీట్లలో 7.5 శాతం ఇచ్చింది. కంపెనీకి ఇచ్చే వినతిపత్రం మొదటి పేరాలోనే ఈ రెండూ రాయండి.

ముందు లెక్కలు చేతిలో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద కాలేజీని అడగండి: గత మూడేళ్లలో ఏయే కంపెనీలు వచ్చాయి, ఏటా ఎందరు హాజరయ్యారు, ఎందరు ఎంపికయ్యారు? ‘ఎందుకు రాలేదు’ అని మాత్రం అడగొద్దు. రికార్డులో ఉన్నదే ఇస్తారు తప్ప కారణాలు చెప్పరు. పిల్లల పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని అదే చట్టంలోని సెక్షన్ 8(1)(జె) చూపించి తిప్పికొడతారు, అంకెలు చాలు. ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు చూపే రేషన్ కార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. చాలా ప్రచారాలు ఈ మెట్టు మీదే చతికిలబడతాయి, కాబట్టి గడువు తేదీని దరఖాస్తు పెట్టిన రోజే రాసిపెట్టుకోండి. ప్రైవేటు కంపెనీలకు ఈ చట్టం వర్తించదు. వాటి షరతులు కావాలంటే ఉద్యోగ ప్రకటనలను తేదీతో సహా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోవాలి.

కంపెనీకి వెళ్లేటప్పుడు ముగ్గురు చాలు: ఫైనలియర్ విద్యార్థి, అలాంటి కాలేజీ నుంచే వెళ్లి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఒకరు, కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారి. వినతిపత్రం ఒక్క పేజీ దాటకూడదు. జూన్, జూలైలోనే వెళ్లండి. క్యాంపస్ సీజన్ మొదలయ్యాక వెళ్తే ‘వచ్చే ఏడాది చూద్దాం’ అంటారు. అదే కాగితం నకలు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.

మీటింగులు సాయంత్రం పెట్టొద్దు. సగం మంది పిల్లలు షాపుల్లో పార్ట్‌టైమ్ చేస్తుంటారు, భీమిలి, అనకాపల్లి వాళ్లకు బస్సు చూసుకోవాలి. ఆదివారం పొద్దున పదింటికి పెడితేనే అమ్మాయిలు కూడా వస్తారు.

కంపెనీ ఒప్పుకుంటే సడలించిన షరతును ఈమెయిల్‌లో రాసి పంపమనండి, నోటిమాట మేనేజరు మారగానే పోతుంది. గ్రూప్ డిస్కషన్ ఉంటుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. ఉందంటే కనీసం నెల ముందు నుంచి వారానికి రెండుసార్లు, ఎనిమిదేసి మందిని కూర్చోబెట్టి ఇంగ్లిష్‌లో మాట్లాడించండి.