పిల్లల్ని ఈత పోటీల్లో దించుతున్నారా? ముందు గోడ తాకడం నేర్పించండి

సమ్మర్ క్యాంపులో మీ పాప అందరికంటే ముందు వచ్చింది, కోచ్ "పోటీలకు పంపండి" అన్నారు, ఇప్పుడేం చేయాలో తెలియడం లేదు. అలాంటి అమ్మానాన్నల కోసమే ఇది రాస్తున్నా, నేనూ అదే టెన్షన్‌తో గచ్చిబౌలి పూల్ మెట్ల మీద కూర్చున్నదాన్నే.

ముందు పిల్లలతో కలిసి 1988 సియోల్ ఒలింపిక్స్ 100 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్ చూడండి. సురినామ్ అనే చిన్న దేశం నుంచి వచ్చిన ఆంథొనీ నెస్టీ 53.00 సెకన్లు, అమెరికా మ్యాట్ బయోండీ 53.01. చివర్లో బయోండీ ఇంకో స్ట్రోక్ వేయకుండా అలా తేలుతూ గోడ దాకా వెళ్లాడు, ఈలోపు నెస్టీ చేతులు తగిలేశాయి. అప్పట్లో ఆ దేశం మొత్తానికి 50 మీటర్ల పూల్ ఒక్కటే! ఇప్పటిదాకా సురినామ్‌కి వచ్చిన ఒలింపిక్ పతకాలు రెండు, రెండూ నెస్టీవే.

అందుకే ప్రాక్టీస్‌లో ప్రతి ల్యాప్ చివర గోడను గట్టిగా తాకించమని కోచ్‌ని అడగండి. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలో టర్న్ దగ్గరా ఫినిష్ దగ్గరా రెండు చేతులూ ఒకేసారి తగలాలి, లేకపోతే డిస్‌క్వాలిఫై చేస్తారు. మా అమ్మాయి మొదటి మీట్‌లో ఎడమ చెయ్యి ముందు పెట్టి, కుడి చెయ్యి తర్వాత తెచ్చింది. డిస్‌క్వాలిఫై చేశారని చెప్పాక కూడా తను చాలాసేపు గాగుల్స్ తియ్యలేదు, ఎందుకో నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు.

ఇంకో పొరపాటు నాది. 25 మీటర్ల పూల్‌లో తీసిన టైమింగ్ చూసి ఇంట్లో అందరికీ ఫోన్లు చేసి చెప్పేశాను. 100 మీటర్ల రేసుకి అక్కడ మూడు టర్నులు, 50 మీటర్ల పూల్‌లో ఒక్కటే, టర్న్ దగ్గర గోడను తన్నితే వచ్చే ఊపు అంత తగ్గిపోతుంది. కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, ఈవెంట్, టైమ్‌తో పాటు పూల్ పొడవు కూడా రాయండి, రెండింటినీ కలిపి పోల్చకండి. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి పూల్ 50 మీటర్లదే, పోటీలకు ముందు కనీసం కొన్ని వారాలైనా అలాంటి దాంట్లో ఈత కొట్టించండి.

వయసును బట్టే గ్రూపులు ఉంటాయి కాబట్టి బర్త్ సర్టిఫికెట్ రెడీగా పెట్టుకోండి.

విదేశాల్లో ట్రైనింగ్ గురించి పదేళ్ల వయసులోనే కంగారు పడకండి. నెస్టీ కూడా టీనేజ్‌లోనే ఫ్లోరిడా వెళ్లి, అక్కడే యూనివర్సిటీలో చదువుకుంటూ ఈదాడు, తర్వాత అదే యూనివర్సిటీకి కోచ్ అయ్యాడు. అమెరికాలో ఈతకి స్కాలర్‌షిప్ కావాలన్నా మార్కులు చూస్తారు, అందుకని చదువు మాత్రం ఆపించకండి. ఈత విషయంలో మనదీ చిన్న దేశమే: ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత టైమ్ సాధించిన మొదటి భారతీయుడు సజన్ ప్రకాశ్, అదీ 2021లో, 200 మీటర్ల బటర్‌ఫ్లైలో 1:56.38తో.

తెల్లవారుజామున ఐదింటి బ్యాచ్ అయితే రాత్రి తొమ్మిదికల్లా పడుకోబెట్టండి. ఇడ్లీ డబ్బా పూల్ దగ్గరికే తీసుకెళ్లండి, తల తుడుచుకునేలోపే తినేస్తారు, స్కూల్ బస్సు టైమ్ దాకా ఆగితే అస్సలు తినరు.