బాడుగ ఇంటి పేచీలు: ఎక్కడ పుడతాయి, ఎలా తీరతాయి

సమస్య: కరెంటు బిల్లు వచ్చిన రోజే బాడుగవాళ్ల మొహం మారుతుంది.

అనంతపురం రామ్‌నగర్‌లో మా మిద్దె మీద రెండు పోర్షన్లు, ఒకటే మీటరు. సబ్ మీటర్లు చూసి లెక్క కట్టినా ప్రతి నెలా "ఇంత వచ్చిందా అక్కా?" అని అనుమానం. అబద్ధం ఎవరిదీ కాదు, తేడా శ్లాబుది, అంటే యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే మెట్టుది. విడి మీటర్లుంటే ఇంటికి 100 యూనిట్లే. రెండూ ఒకే మీటర్లో పడితే 200 అయి పై శ్లాబు రేటు పడుతుంది. వాడకం పెరగకుండానే బిల్లు పెరుగుతుంది. పోర్షన్‌కొక సర్వీసు, అంటే విడి కరెంటు కనెక్షన్, తీసుకోవడమే అసలు మందు. అంతవరకు బిల్లు, సబ్ మీటర్ రీడింగు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టండి.

సమస్య: ఎండాకాలం నీళ్ల గొడవ.

బోరు తగ్గాక ట్యాంకర్ డబ్బు ఎవరిదో ఇల్లిచ్చేటప్పుడు మాట్లాడుకోం. మాట్లాడి, అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయించండి.

సమస్య: బాడుగ ఆలస్యం.

ముందు జీతం ఏ తేదీన పడుతుందో అడగండి. 7న జీతమొచ్చే మనిషిని 1న అడిగితే ఎక్కడ తెస్తాడు? తేదీ మార్చినా రెండు నెలలు పేరుకుపోతే అప్పుడు కాగితం పట్టాలి. నెలసరి బాడుగకైతే 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసివ్వాలి. కోపంలో కరెంటు పీకడం, నీళ్లు ఆపడం, తాళం వేయడం మాత్రం వద్దు. బాకీ వాళ్లదైనా తప్పు మనదవుతుంది.

సమస్య: ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ దగ్గర రచ్చ.

గోడ ముందే పెచ్చులూడిందా, వాళ్లు మేకులు కొట్టారా? రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. తాళాలిచ్చే రోజే గది గదికీ వీడియో తీసి ఇద్దరూ దాచుకోండి. రిపేర్ల సంగతికి రాష్ట్రాలకు మాదిరిగా ఉండాలని కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం పంపకం బాగుంది: సున్నం, పైపుల మార్పు, వైరింగు ఓనరువి, కుళాయి వాషర్లు, స్విచ్చులు, కాలువ శుభ్రం బాడుగవాళ్లవి. ఇంటికి అడ్వాన్స్ రెండు నెలల బాడుగ దాటకూడదనీ అందులో ఉంది.

సమస్య: కారణం చెప్పకుండా ముభావంగా ఉంటారు.

ఇది మా ఇంట్లో మా ఆయన పుణ్యం. ట్యాంకు నిండిందా అని మిద్దెక్కి, దారిలో వాళ్ల వంటింట్లోకి తొంగిచూసేవాడు. లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని ఆ నమూనా చట్టమే అంటుంది. చట్టం సంగతి చెప్పినా వినలేదు. ట్యాంకుకు అలారం పెట్టించా. ఇప్పుడది కింద హాల్లోనే మోగుతుంది, ఆయన మెట్లెక్కడం లేదు.