ఆర్కేడ్ క్యాబినెట్ పక్క పలకల వంపులు సరిపోకపోతే

ఆర్కేడ్ క్యాబినెట్ అంటే నిలబడి ఆడే వీడియో గేమ్ పెట్టె. దాని పక్క పలకల కోసం 18 ఎం.ఎం. ప్లైవుడ్‌లో వంపు తిప్పేటప్పుడు జిగ్‌సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) బ్లేడు కింది కొస పక్కకు ఒరుగుతుంది. పైన గీత మీదే వెళ్తున్నట్టు ఉంటుంది, తిప్పి చూస్తే తేడా. రెండు పలకలూ కలవకపోవడానికి కారణం అదే. ఎంత చెయ్యి తిరిగినా ఇది తప్పదు.

నాకు కుదిరిన దారి ఇది. వంపును ముందు 6 ఎం.ఎం. ఎం.డి.ఎఫ్. (చెక్క నారను నొక్కి చేసిన పలక) మీద అచ్చుగా కోసి, 120 నంబరు సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దాలి. వేలికి తగిలే చిన్న గుంట కూడా రెండు పలకల్లోనూ దిగుతుంది కాబట్టి టైమంతా ఇక్కడే పెట్టండి. ప్లైవుడ్‌ను గీతకు 2 ఎం.ఎం. బయటగా, జిగ్‌సా పెండ్యులం (బ్లేడును ముందుకూ వెనక్కూ ఊపే సెట్టింగ్) సున్నాలో పెట్టి, తోయకుండా కోయాలి. అచ్చును డబుల్ సైడ్ టేపుతో అంటించి, బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్‌తో (బేరింగ్ అచ్చు అంచును తాకుతూ నడుస్తుంది, బిట్ ప్లైవుడ్‌ను అదే అంచుకు కోస్తుంది) రౌటర్‌ను (బిట్‌ను వేగంగా తిప్పి చెక్కను కోసే యంత్రం) బయటి అంచు చుట్టూ గడియారం ముళ్లకు ఎదురుగా నడపాలి. దిశ మారితే రౌటర్ చేతిలోంచి లాక్కుపోతుంది.

రెండో పలకకు మొదటిదే అచ్చు.

లోపలి మూలల్లో 12 ఎం.ఎం. బిట్ 6 ఎం.ఎం. వ్యాసార్ధపు గుండ్రం వదిలేస్తుంది, దాన్ని ఆకురాయితో తీయాలి. టీ మోల్డింగ్ (పలక అంచుకు తొడిగే టీ ఆకారపు ప్లాస్టిక్ పట్టీ) గాడి రంగుకు ముందే కొట్టుకోండి, లేకపోతే అంచున పెయింట్ లేస్తుంది.