నాసిక్ ద్రాక్షతోటల్లో ఒక సాయంత్రం

షిర్డీ వెళ్లేవాళ్లు వీలైతే నాసిక్ వైన్ తోటలకీ ఒక సాయంత్రం ఉంచుకోండి, అదీ జనవరి నుంచి మార్చి లోపు. ఫ్రాన్స్‌లో సెప్టెంబరు ప్రాంతంలో జరిగే ద్రాక్ష కోత ఇక్కడ ఈ నెలల్లో ఉంటుంది, ఎందుకంటే కొమ్మలు కత్తిరించేది వానలు తగ్గాకే. జూన్‌లో వెళ్తే గుత్తులుండవు.

సులా అనే వైన్ కంపెనీ తోటకి సాయంత్రం ఐదింటిలోపు చేరండి. గంగాపూర్ జలాశయం మీద ఎండ రాగిరంగుకి తిరగడం చూసి తీరాలి! ద్రాక్ష తొక్కే సరదా ఉంటే పాత బట్టలు, తువ్వాలు తీసుకెళ్లండి. రసం ఆరాక కాళ్లు జిగటగా అంటుకుంటాయి. పొద్దు వాలగానే చలి, శాలువా తప్పనిసరి. జనవరి 26 డ్రై డే, అంటే ఆ రోజు మద్యం అమ్మరు. తాగేవాళ్లు తిరుగు టాక్సీని ముందే మాట్లాడుకోండి, బండి మాత్రం నడపొద్దు.