మన సందుని మనమే కలిసి బాగుచేసుకోవడం ఎలా?

వీధి బాగుపడాలని పదిమంది చేరగానే మొదట జరిగేది కమిటీ వేయడం. అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరని రెండు వారాల తగువు. తర్వాత బ్యానరు, ఫొటో. మూడో నెలకి మీటింగుకి ముగ్గురొస్తారు. మురుగు కాలువ మూత మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే తెరుచుకుని ఉంటుంది. ఇది చూసీ చూసీ విసుగొచ్చింది. కింద రాసింది నేను చాలాసార్లు చేసిన పద్ధతి. వరస మార్చకండి.

కావలసినవి: చేత్తో గీసిన పెద్ద మ్యాపు, ఎరుపు, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులు, టార్చిలైటు, కొలిచే టేపు, నోటుబుక్కు. యాప్ వద్దు. ఫోన్ ముందుకు చాపితే పెద్దవాళ్లు "మీరే చూసుకోండి" అని తప్పుకుంటారు. కాగితం పరిస్తే అందరూ వంగి చూస్తారు, తప్పు గీశావని పోట్లాడతారు కూడా. మనకి కావలసింది అదే.

మొదటి మెట్టు, హద్దు గీసుకోవడం. కాలనీ అంతా నెత్తినేసుకోవద్దు, ఒక్క సందు తీసుకోండి. కరాచీలోని ఒరంగీ అనే పేదల బస్తీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే సామాజిక కార్యకర్త మొదలుపెట్టిన మురుగు కాలువల పనికి కొలమానం సందే, అంటే ఇరవై ముప్పై ఇళ్లు. అంతమేరలో ఎవరు పనికొచ్చారో, ఎవరు మొహం చాటేశారో అడక్కుండానే తెలిసిపోతుంది.

రెండోది నడక. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. టొరంటోలో 1989లో మెట్రాక్ అనే సంస్థ రూపొందించిన మహిళల భద్రతా ఆడిట్‌లో కిటుకు ఇదే. ఆ దారిన రోజూ వెళ్లే ఆడవాళ్లే నడిచి, ఎక్కడ భయమేస్తుందో, ఎందుకేస్తుందో చెబుతారు. పన్నెండు మందికి మించకూడదు. మించితే వెనకవాళ్లు వేరే కబుర్లలో పడతారు. ఒక బడిపిల్ల, కర్ర పట్టుకుని నడిచే పెద్దాయన, రాత్రి డ్యూటీ నుంచి వచ్చేవాళ్లొకరు, అద్దెకుండేవాళ్లు ఇద్దరు తప్పనిసరి. రాత్రి వెలగని దీపాలు చూసి స్తంభం నంబరు రాసుకోండి. పగలు నిలిచిన నీళ్లు చూడండి. డెంగీ మోసే దోమ గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం, పది రోజులు చాలు. అది పెద్ద దూరాలు ఎగరదు కూడా. కాబట్టి మీ పిల్లాణ్ని కుట్టింది పక్కింటి డ్రమ్ములో పుట్టిందై ఉండొచ్చు, వాళ్ల పిల్లాణ్ని కుట్టింది మీ కుండీలోదీ కావచ్చు. చూసిన ప్రతిదానికీ మ్యాపు మీద ఎర్ర చుక్క పెట్టండి.

సర్వే ఫారాలు పంచితే చాలదా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చాలదు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరాకి అక్కడి పంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో చెప్పాడు. మొదట ఆ మాట నమ్మనివాడు హెన్రీ వైట్‌హెడ్ అనే అక్కడి పాదిరీ. కానీ ఆయనకి ప్రతి ఇల్లూ తెలుసు. మళ్లీ మళ్లీ తిరిగి అడిగి, మొదట జబ్బుపడిన పసిపిల్ల ఏ ఇంట్లో ఉండేదో పట్టుకున్నదీ ఆయనే. ఆ ఇల్లు పంపు పక్కనే ఉంది. చనువు లేని గుమ్మంలో అంత సంగతి ఏ ఫారమూ రాబట్టలేదు.

ఇక మూడో మెట్టు. అందరూ చెడగొట్టేది ఇక్కడే, నెమ్మదిగా చదవండి. ఎర్ర చుక్కలు నలభై ఉంటాయి. అందులోంచి మొదటి పనిగా ఒక్కటే ఎంచుకోవాలి. రెండు కాదు.

చేతులెత్తే ఓటు పెట్టకండి. ఒకసారి నేను పెట్టి దెబ్బతిన్నాను. పార్కుకి కొత్త గేటు కావాలని ఒక పెద్దమనిషి గట్టిగా మాట్లాడాడు, చేతులన్నీ లేచాయి. గేటు వచ్చింది. పని చేయడానికి మాత్రం నలుగురే వచ్చారు. బస్టాపు దారిలో దీపాల్లేవన్నది సగంమంది ఆడవాళ్ల బాధ అని తర్వాత తెలిసింది. మీటింగులో ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "అంతమందిలో ఆయనకి ఎదురు చెబుతామా?" అన్నారు. తప్పు వాళ్లది కాదు, నాది.

అప్పట్నుంచి గులకరాళ్లే. ఒక్కో సమస్యకి ఒక్కో డబ్బా, మూతకి కన్నం. మనిషికి మూడు రాళ్లు. ఇంటికి మూడు కాదు, మనిషికి మూడు. ఇంటి లెక్కన ఇస్తే ఆ మూడూ ఇంటాయన చేతిలోనే ఉంటాయి. పిల్లలకీ ఇవ్వండి. డబ్బాలు ఒక సాయంత్రమంతా ఉంచండి, మీరు పక్కన నిలబడకండి. లెక్క మాత్రం అందరి ముందూ పెట్టండి.

ఎక్కువ రాళ్లు పడ్డదాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దు. ఆరు వారాల్లో కంటికి కనిపించేలా అవుతుందా? అందులో మన చేతులతో అయ్యే భాగం ఉందా? లేకపోతే తర్వాతి డబ్బాకి వెళ్లండి. సీసీ కెమెరాలని ఎవరో ఒకరు అడుగుతారు. నేను మొదటి పనిగా ఎప్పుడూ ఒప్పుకోను. జరిగిపోయినదాన్ని కెమెరా చూపిస్తుంది, దీపం ఉంటే ఆ దారిలో మనుషులు నడుస్తారు.

ఇంకో జాగ్రత్త. ఏ పని ఎంచుకున్నా ఒకరికి నష్టం ఉంటుంది. మలుపులో బండి నిలిపేవాడికో, అరుగు ముందుకు జరిపినవాడికో. ఆయన లేనప్పుడు తీర్మానం చేయకండి. ముందే ఇద్దరు ఆయన ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడండి, ముగ్గురు వెళ్తే దండయాత్రలా ఉంటుంది. ఈ మెట్టుకి నెల పట్టినా పట్టనివ్వండి.

మిగతాది తేలికే. పనిని రెండుగా చీల్చండి. ఒరంగీలో ఇంటి మరుగుదొడ్డి, సందు కాలువ జనం సొంత ఖర్చుతో కట్టుకున్నారు, వాటిని కలిపే పెద్ద కాలువలు ప్రభుత్వం వంతు. అలాగే కొమ్మలు కొట్టడం, కుండీలు ఖాళీ చేయడం మనది. స్తంభం మీద దీపం ఆఫీసుది, దాన్ని మీరు ఎక్కి ముట్టుకోవద్దు. ఆ ఆఫీసుకి రాసే ఉత్తరానికి ఒకటే సమస్య, స్తంభం నంబరు, ఫొటో. రసీదు నంబరు తీసుకోకుండా కదలకండి. బండ్ల వేగం గురించైతే గంటకి 30 కిలోమీటర్లని అంకె వేసి అడగండి. నడిచేవాళ్లూ బండ్లూ కలిసే చోట అంతకి మించొద్దని రోడ్డు భద్రత మీద 2020లో వచ్చిన అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ప్రకటన చెప్పింది. "వేగం తగ్గించండి" అని మాత్రమే రాస్తే ఫైల్లో పడి ఉంటుంది.

ఆరు వారాలయ్యాక అదే మ్యాపుతో, అదే మనుషులతో మళ్లీ చీకటి పడ్డాక నడవండి. అయినదాని మీద ఆకుపచ్చ గీత పెట్టండి, పెన్ను ఆ బడిపిల్ల చేతికివ్వండి. ఆ రాత్రే రెండో పనికి డబ్బాలు బయటికి తీయండి. కావాలంటే అప్పుడు వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. కమిటీ సంగతి మూడో పని అయ్యాక చూద్దాం.